వెనక చక్రానికి నలభై అయిదు

మోటారుబండి టైరులో గాలి ఎక్కువ పెట్టి ఒక మనిషి ఉద్యోగానికే ఎసరు పెట్టడం అందరికీ చేతనయ్యే పని కాదు. దానికి నాలాంటివాడు పుట్టాలి. పుట్టి, డిగ్రీలో రెండు సబ్జెక్టులు తప్పి, ఇరవై రెండేళ్ళకల్లా లోకంలో తనకు తెలియనిది లేదని నమ్మాలి. అప్పటి నేను ఇప్పుడు ఎదురుపడితే పలకరించకుండా పక్క వీధిలోంచి పోతాను. అయినా వాడి ఘనకార్యం చెప్పక తప్పదు.

మా తాత చిత్తూరు జిల్లా పల్లెలోంచి కేజీఎఫ్ బంగారు గనులకు వచ్చి కంప్రెసర్ హౌసులో పనిచేశాడు. భూమి లోపల రాయి తొలిచే డ్రిల్లులు ఆ కంప్రెసర్ పంపే గాలితోనే నడిచేవి. గాలి తగ్గితే డ్రిల్లు మూలుగుతుంది, పెరిగితే కొండనైనా తింటుంది అనేవాడు. గనులు మూతపడ్డాయి, తాత పోయాడు, ఆ మాట మాత్రం నా బుర్రలో ఉండిపోయింది. గాలి సంగతి మా వంశానికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదని నిర్ణయించుకున్నాను. తాతలు నేతులు తాగితే మనవలు మూతులు వాసన చూడమన్నారట. మా తాత గాలి పంపాడు గనక నేను ఊరందరికీ గాలి పాఠాలు చెప్పేవాణ్ణి.

మా అక్క లలిత ఆటోమొబైల్ డిప్లొమా చదివింది. బండ్లు పరీక్షించి లైసెన్సులిచ్చే బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ఉద్యోగం కోసం మూడేళ్ళు కూర్చుని చదివి పరీక్ష గట్టెక్కింది. ఇక మిగిలింది ఒక్కటే. చెప్పిన రోజున పదకొండు లోపల కోలారు రవాణా ఆఫీసులో ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించాలి. ఆలస్యమైతే పేరు కొట్టేసి తర్వాతివాళ్ళను పిలుస్తారు. అక్క బస్సులో పోతానంది. నేనుండగా బస్సెందుకని బండి తీశాను.

ఆ పొద్దున మా కేజీఎఫ్‌లోనే రాబర్ట్‌సన్‌పేటలో సలీమన్న పంక్చర్ షాపు దగ్గర ఆగాం. ఇద్దరు కూర్చుంటారు కాబట్టి ముందు చక్రానికి ఇరవై అయిదు, వెనక ముప్పై మూడు పౌన్ల గాలి చాలన్నాడు ఆయన. అక్కా అదే అంది. చైన్ కవరు మీది స్టిక్కరూ అదే అంది. ముగ్గురూ ఒకే మాట అంటున్నారంటే ముగ్గురికీ తెలియదన్నమాట అని గ్రహించేంత తెలివి నాది. వంగి టైరు పక్కన అచ్చుపోసిన అంకెలు చదివాను. నలభై ఒకటి అని ఉంది.

"టైరు చేసినోడే నలభై ఒకటి అని రాసినాడు. నీకు వాడికంటే ఎక్కువ తెలుసునా అన్నా?"

"అంతకు మించి పెట్టొద్దని రాసిందప్పా అది. అంత పెట్టమని కాదు," అన్నాడు సలీమన్న.

"నువ్వు నలభై అయిదు పెట్టు. ఇద్దురం పోతాండాము, బరువు ఉండాది. మా తాత కంప్రెసర్ హౌసులో..."

"తాత రాయి తొలిపించినాడురా సీనా," అంది అక్క. "నువ్వు నన్ను కోలారుకు తీసకపోతాండావు."

నేను వినలేదు. ముందు చక్రానికి కూడా నలభై కొట్టించాను. సలీమన్న చేతులు తుడుచుకుంటూ, తను చెప్పాల్సింది చెప్పానని, దానికి అక్కే సాక్షి అని అన్నాడు.

అన్నీ ఉన్న విస్తరి అణిగిమణిగి ఉంటుందంటారు. ఆ మాటన్నవాడు నా టైరు చూడలేదు. నిండా ఉండి కూడా గులకరాయి తగిలితే చాలు ఎగిరెగిరి పడింది. బంగారపేట ముందర ఒక హంపు మీద అక్క జానెడు పైకి లేచింది, దిగేసరికి ఆమెకు సీటు అంచు మాత్రమే దొరికింది. సర్టిఫికెట్ల ఫైలును చంటిబిడ్డలా గుండెకు హత్తుకుని, బండి ఆపమంది. బంగారపేటలో ఏదైనా షాపులో మీటరు పెట్టి గాలి తీయించమంది.

మీటరు అనేసరికి నాకు పౌరుషం వచ్చింది. మా తాత బొటనవేలితో నొక్కి గాలి ఎంతో చెప్పేవాడని ప్రకటించాను. (చెప్పేవాడు కాదు. అప్పటికప్పుడు నేనే పుట్టించాను.) ముందు చక్రం వాల్వులో తాళంచెవి మొన దూర్చి బుస్సుమనిపించి, నొక్కి చూసి, మళ్ళీ బుస్సుమనిపించాను. వెనక చక్రం జోలికి పోలేదు. బండి బలమంతా అక్కడే ఉంటుందని నా సిద్ధాంతం.

కోలారులో టమాటా లారీలు తిరిగే మలుపు దగ్గరికి వచ్చేసరికి పదిన్నర. రోడ్డు మీద రాలిన పండ్లు నలిగి ఎర్రటి గుజ్జయ్యాయి. రాయిలాంటి వెనక చక్రం ఆ గుజ్జులో పట్టు లేక పక్కకు జారింది. మెత్తబడ్డ ముందు చక్రం నేను తిప్పిన వైపు రాలేదు. బండి తీరిగ్గా, వీధిలో అందరూ చూసేంత తీరిగ్గా, పక్కకు ఒరిగింది. దెబ్బలు తగల్లేదు. అక్క టమాటాల్లో కూర్చుని ఫైలును రెండు చేతులా పైకెత్తి పట్టుకుంది. చీర నడుము దాకా ఎర్రగా ఉంది.

"రోడ్డు బాగలేదక్కా," అన్నాను. అంత సిగ్గులేని మాట ఎలా వచ్చిందో ఇప్పటికీ తెలియదు.

అక్క తిట్టలేదు. కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. అప్పుడు మొదటిసారి భయం వేసింది నాకు. మూడేళ్ళ ఆమె చదువును నేను రోడ్డు మీద పారబోశానని అర్థమైంది.

ముందు ట్యూబు వాల్వు తెగి బండి నడవలేదు. మా అవతారం చూసి ఆటోవాళ్ళు ఆగలేదు. అక్క చెప్పులు చేతపట్టుకుని నడిచింది, వెనక నేను బండి తోసుకుంటూ పోయాను. ఆఫీసు చేరేసరికి పదకొండుంపావు. అధికారి అప్పుడే జాబితా మూసేశాడు. అక్క చీర చూసి రక్తమనుకుని కంగారుగా లేచాడు. అది టమాటా అని తెలిశాక మళ్ళీ కూర్చుని, ఆలస్యం ఎందుకయిందని అడిగాడు.

"టైర్లలో గాలి తప్పు సార్," అంది అక్క. "వెనక ముప్పై మూడు ఉండాల్సింది, నలభై అయిదు ఉండాది. ముందర పదిహేను కూడా లేదు. టమాటా మీద పట్టు దొరక్క జారినాము."

"ఎవరమ్మా అట్ల పెట్టింది?"

అక్క గుమ్మం బయట బండి పట్టుకుని నిలబడ్డ నన్ను చూపించింది.

"వాడే సార్. వాడికి లైసెన్సు ఇచ్చింది మీ ఆఫీసే."

ఆయన నన్ను చూశాడు, బండిని చూశాడు, మూసిన జాబితా మళ్ళీ తెరిచాడు. "లోపలికి రామ్మా," అన్నాడు. "నువ్వు ఈడ తొందరగా చేరాల."

అక్క ఉద్యోగంలో చేరింది. నేను ఆ రోజే కోలారు టమాటాల సాక్షిగా ప్రమాణం చేశాను: ఈ జన్మలో వాల్వు మూత విప్పను, పంపు పట్టను, గాలి గురించి ఎవరికీ ఒక్క ముక్క చెప్పను. ఇంతవరకు మాట తప్పలేదు. మొన్న మా పాప పుట్టినరోజుకు బెలూన్లు కూడా అక్కే ఊదింది.