జగ్గయ్యపేట ఎండ, నందిగామ మైకు

“మా డాబా మీద పడ్డ ఎండకి నేనే డబ్బులు కట్టానే” అని పిన్ని ఫోన్‌లో అన్న మాటతో ఈ ప్రయాణం మొదలైంది. పిన్నికి జగ్గయ్యపేటలో కారం మిల్లు ఉంది. కిందటేడు మిల్లు డాబా మీద సోలార్ పలకలు పెట్టించింది. మిల్లు ఆడినంతసేపు ఆ కరెంటు వాడుకోవచ్చు, ఆడనప్పుడు మిగిలింది లైనుకు ఇవ్వవచ్చు, ఇచ్చినంత బిల్లులో తగ్గుతుంది అని ప్రభుత్వం చెప్పిన పథకం అది. ఇచ్చిన కరెంటునూ తీసుకున్న కరెంటునూ వేరువేరుగా లెక్కపెట్టే మీటరు ఒకటి దానికి కావాలి. పలకలు వచ్చాయి, మీటరు రాలేదు. బిగించినవాళ్ళు స్విచ్ వేసి వెళ్ళిపోయారు. పాత మీటరుకు కరెంటు ఏ వైపు పోతోందో తెలియదు. అటు పోయినా ఇటు వచ్చినా వాడకంలోనే కలుపుకుంటుంది. ఆ నెల పిన్నికి బిల్లు తగ్గకపోగా పెరిగింది. అప్పటినుంచి స్విచ్ కట్టేసింది. ఇంత ఎండలో, పూర్తిగా బాగున్న పలకలు, ఊరికే ఉన్నాయి.

నేను మైలవరంలో డిగ్రీ చదువుతున్నాను. కరెంటు ధరలూ నియమాలూ నిర్ణయించే నియంత్రణ మండలి బహిరంగ విచారణ జరుపుతుందని, ముందుగా పేరు నమోదు చేసుకుంటే మామూలు వినియోగదారులు కూడా మాట్లాడవచ్చని, దగ్గర్లోని కరెంటు ఆఫీసులో కూర్చుని వీడియోలో కూడా చెప్పుకోవచ్చని మా సార్ క్లాసులో చెప్పారు. బహిరంగ విచారణ. ఆ మాట నాకెంత నచ్చిందో చెప్పలేను. తలుపులన్నీ తెరిచి ఉన్న ఒక పెద్ద హాలు కళ్ళ ముందు కనిపించింది. ఆ సాయంత్రమే, నందిగామ ఆఫీసు నుంచి మాట్లాడేలా పిన్ని పేరు నమోదు చేశాను. ఆమెను ఒప్పించడానికి మాత్రం చాలా రోజులు పట్టింది, ఎందుకంటే విచారణ సరిగ్గా మిల్లు సీజన్‌లో పడింది.

మైలవరంలో ఉదయం ఆరున్నరకు బస్సెక్కాను. ఆడవాళ్ళకు ఆధార్ కార్డు చూపిస్తే సున్నా టికెట్ ఇస్తారు కాబట్టి దారి ఖర్చు లేదు. మగవాళ్ళు జగ్గయ్యపేట దాకా వంద రూపాయల పైన ఉంచుకోవడం మంచిది. జి.కొండూరు మీదుగా ఇబ్రహీంపట్నం వచ్చి, అక్కడ రెండు ఇడ్లీలు తిని, హైదరాబాదు హైవే మీద వెళ్ళే జగ్గయ్యపేట బస్సు పట్టుకున్నాను. కంచికచర్ల దాటాక రోడ్డు పక్కన పెద్ద హోర్డింగు కనిపించింది. స్వచ్ఛమైన విద్యుత్తులో మన రాష్ట్రమే ముందుందట. దాని చుట్టూ ఉన్న దీపాలు పొద్దెక్కినా వెలుగుతూనే ఉన్నాయి. కండక్టరుకు చూపించాను. “రోజూ అంతేనమ్మా. ఆర్పితే ఎవరికీ కనపడదనుకుంటారేమో” అన్నాడు. ఆయన నవ్వాడు గానీ నాకు నవ్వు రాలేదు. వేల ఎకరాల సోలార్ పార్కులకు శంకుస్థాపనలు చేయడం వచ్చిన వ్యవస్థకు, టిఫిన్ డబ్బా అంత మీటరు ఒక మిల్లుకు చేర్చడం రాలేదు.

తొమ్మిదిన్నరకల్లా మిల్లుకు చేరాను. వీధి మొదట్లోనే తుమ్ములు మొదలవుతాయి, మిల్లు వెతుక్కోనక్కర్లేదు. ఏడాదికి సరిపడా కారం పట్టించుకోవడానికి ఆడవాళ్ళు సంచులతో వరుసలో ఉన్నారు. ఇక్కడ ఎవరూ కాయలు ఇచ్చి వెళ్ళిపోరు. ఎవరి కాయలు వాళ్ళ కళ్ళ ముందే ఆడాలి, వాళ్ళ పొడి వాళ్ళ డబ్బాలోకే పడాలి. మధ్యలో యజమాని లేచి వెళ్ళిపోతే వరుస మొత్తం పక్క వీధి మిల్లుకు పోతుంది. పదిన్నరకు పిన్ని షట్టరు దించుతుంటే అదే జరిగింది. “మీటరు కోసం నందిగామ పోతే మా కారం ఎవరాడతారే రమణా? రేపట్నుంచి ఆ పక్కోడి దగ్గరికే అలవాటైపోతాం” అని ఒకావిడ సంచి భుజానికెత్తుకుంది. పిన్ని నవ్వుతూనే తాళం వేసింది. బస్సెక్కాక మాత్రం నావైపు చూడకుండా, “ఇది ఊరికే పోతే నిన్ను వదలనే” అంది.

జగ్గయ్యపేట నుంచి నందిగామకు ముప్పావు గంట. మా సమయం మధ్యాహ్నం కాబట్టి బస్టాండు దగ్గర మెస్సులో తిన్నాం. పప్పు, దొండకాయ వేపుడు, పెరుగుతో భోజనం వంద రూపాయలు. వడ్డించే అత్త పిన్ని చీర వాసన పట్టేసి, ఏ ఊరి కారం అని అడిగింది. మేమెందుకు వచ్చామో చెబితే, కరెంటు ఆఫీసులో మాట్లాడనిస్తారా అని మరో గరిటె పప్పు వేసింది. జాలిపడి వేసినట్టే అనిపించింది.

నేను ఊహించుకున్న హాలు కరెంటు ఆఫీసులో లేదు. ఏసీ కోసం తలుపు మూసిన చిన్న గది, గోడకు ఒక టీవీ, ఎదురుగా ప్లాస్టిక్ కుర్చీలు. టీవీలో ఎక్కడో పెద్ద ఊళ్ళో కూర్చున్న మండలి సభ్యులు, వాళ్ళ ముందు ఫ్యాక్టరీల తరఫు లాయర్లు కనిపిస్తున్నారు. ఒక్కో లాయరు తాపీగా మాట్లాడుతున్నాడు. మా గది మైకు ఆపేసి ఉంది. మాతోపాటు మాట్లాడటానికి వచ్చింది ఒకే ఒక్కరు, రిటైరైన లెక్కల మాస్టారు. ఆయనదీ మీటరు గొడవే.

మా వంతు దగ్గరపడుతుండగా అక్కడి ఇంజనీరు పిన్ని పక్కకు వచ్చి కూర్చున్నారు. మర్యాదస్తుడే. పిన్ని చీర మీది కారానికి రెండుసార్లు తుమ్మి, కర్చీఫ్ అడ్డం పెట్టుకుని మెల్లగా అన్నారు: “అమ్మా, మీ ఫైలు చూశానండి. సోమవారం మీటరు పెట్టించేస్తా. ఇంత చిన్నదానికి పెద్దవాళ్ళ ముందు మైకు ఎందుకండి? పని అయిపోయిందని చెప్పేయండి చాలు.”

పిన్ని ముఖం వెలిగింది. నిజం చెప్పాలంటే నాకూ సంతోషమేసింది. వచ్చిన పని అయిపోయింది, వరుస చెదిరినా ఫలితం దక్కింది. ఆయన లేచి ఫోను మాట్లాడుతూ బయటికి వెళ్ళగానే మాస్టారు ఇటు వంగారు. “కిందటి విచారణలో నాకూ ఇదే చెప్పారమ్మా. పెద్దమనిషి మాట కదాని నోరు మూసుకున్నా. ఇంకా ఆ సోమవారం రాలేదు.”

టీవీలో ఆమె పేరు పిలిచారు. ఇంజనీరు తలుపు దగ్గర నిలబడి, పరవాలేదు చెప్పేయండి అన్నట్టు తల ఊపారు. పిన్ని మైకు తీసుకుంది.

“నమస్కారమండి. నాది జగ్గయ్యపేటలో కారం మిల్లు. నా పలకలు స్విచ్ కట్టేసి కూచున్నాయి. వేస్తే, నేనిచ్చిన కరెంటుకి నాకే బిల్లొస్తోంది. ఇందాక ఈ సారు సోమవారం మీటరు పెడతా, మాట్లాడొద్దన్నారు. పెడితే సంతోషమే. కానీ ఆ మాట నా చెవిలో కాదండి, మీ ముందు చెప్పమనండి. ఈ మాస్టారుకి ఎప్పుడు పెడతారో అదీ చెప్పమనండి. మా మిల్లులో ఎవరి కాయలు వాళ్ళ కళ్ళ ముందే ఆడతాం.”

టీవీలో ఒక సభ్యుడు కాగితాల మీంచి తలెత్తారు. ఈ డివిజన్‌లో మీటర్ల కోసం ఎందరు ఎదురుచూస్తున్నారని ఇంజనీరును అడిగారు. ఆయన దగ్గర లెక్క లేదు. లిఖితపూర్వకంగా సమర్పించండి, ఆమె చెప్పింది రికార్డులో చేర్చండి అని ఆ సభ్యుడు అన్నారు. తర్వాత మాస్టారు మాట్లాడారు. ఆ వెంటనే మా మైకు ఆగిపోయింది. మా ఇద్దరికీ దక్కింది మొత్తం ఓ టీ తాగినంత సేపు.

సోమవారం ఎవరూ రాలేదు. ఇది రాస్తున్న రోజుకు కూడా మీటరు రాలేదు. నాకు కోపం మీటరు రాలేదని మాత్రమే కాదు. అందరి ముందు చెప్పాల్సినదాన్ని ఒక్కొక్కరి చెవిలో చెప్పి, ఒక్కొక్కరినే ఇంటికి పంపి, రికార్డులో ఎవరికీ ఏ బాధా లేదని రాసుకునే ఆ అలవాటు మీద నా కోపం. భూమి వేడెక్కిపోతోందని మాకు పాఠాలు చెబుతారు. పిన్నిలాంటివాళ్ళు సొంత డబ్బుతో డాబా మీద పలకలు పెట్టుకుంటే, ఆ ఎండను తీసుకోవడానికి ఒక్క మీటరుకు దారి లేదు. ఆ రోజు వెళ్ళిపోయిన వరుసలో కొందరు ఇంకా తిరిగి రాలేదు. నన్ను తిడుతుందేమోనని భయపడుతూనే పిన్నికి ఫోను చేశాను. మాస్టారు మిల్లుకు వచ్చారట, చిల్లకల్లు నుంచి మీటరు రాని ఇంకొకాయన్ని వెంటబెట్టుకుని. “వచ్చే విచారణ ఎప్పుడో కనుక్కోవే. ఈసారి మా ముగ్గురి పేర్లూ రాయి” అంది.

వెళ్ళాలనుకునేవాళ్ళకు ఒక్క మాట. విచారణ ప్రకటనలో ఇచ్చిన గడువులోపే పేరు నమోదు చేసుకోండి, మీ దరఖాస్తు నకలు వెంట ఉంచుకోండి. మీ పేరు పిలిచేలోపు ఎవరైనా మర్యాదగా పక్కన కూర్చుని మీ పని అయిపోయిందని చెబితే, వారికి నమస్కారం పెట్టి, మైకు తీసుకోండి.