పిన్ని పండించిన మన్ను

మా బాబాయి పొలం అమ్మలేదు, పొలం మీది మన్ను అమ్ముకున్నాడు. ఇటుక బట్టీ ఆయన అడగ్గానే మెత్తటి పైమన్నంతా లారీలకెత్తించాడు. అడుగున మిగిలింది పారకు కూడా లొంగని గట్టి నేల. జొన్న వేస్తే మోకాలెత్తు రాకుండానే ఎండిపోయింది.

"రెండేళ్ళు చూస్తా. అప్పటికీ పండకపోతే మిగతా మన్నూ ఇచ్చేస్తా," అన్నాడు బాబాయి. ఆయనకి అన్నీ తేలికే. పొలం గొయ్యయ్యాక ఏం తినాలో మాత్రం పిన్ని ఆలోచించాలి.

పిన్ని నడుం బిగించింది. రోజూ కూరల మార్కెట్టుకెళ్ళి కుళ్ళిన టమాటాలు, క్యాబేజీ ఆకులు బస్తాల్లో కుక్కి తెచ్చేది. వాటిలో పేడ, ఎండుటాకులు కలిపి గట్టు పక్కన కుప్ప పోసి, తడిపి, తిరగేసేది. ఇంట్లో ఎవరు అరటిపండు ఒలిచినా తొక్క కోసం చెయ్యి చాపేది. వీధిలోవాళ్ళు 'చెత్త మహారాణి' అని పేరు పెట్టారు.

"పోన్లే, మహారాణి అన్నారుగా," అనేది పిన్ని.

మొదటి ఏడు ఆత్రమే కొంప ముంచింది. కుప్పలో చెయ్యి పెడితే చురుక్కుమంటున్నా, పూర్తిగా మాగకముందే ఆ ఎరువు మడుల్లో పోసి వంగనారు నాటింది. నారంతా మాడిపోయింది. రెండేళ్ళు చూస్తానన్న బాబాయి వెంటనే వెళ్ళి, వచ్చే ఎండాకాలం మన్ను తీసుకెళ్ళమని బట్టీ ఆయనకి మాటిచ్చేశాడు. నాకు ఒళ్ళు మండింది. పిన్ని కాసేపు ఏడ్చి, ముక్కు చీదుకుని, మళ్ళీ కుప్ప దగ్గరికే వెళ్ళింది.

ఈసారి తొందరపడలేదు. కుప్ప చల్లారి, కంపు పోయి, తొలివాన పడిన నేల వాసన వచ్చేదాకా ఆగింది. అప్పుడు పొలమంతా చల్లి దున్నించి అలసందలు వేసింది. చేను నవనవలాడుతూ లేచింది. కాయలు కోశాక కూడా బాబాయి పట్టు విడవలేదు.

"ఇచ్చిన మాట ఎలా తప్పను?"

ఎండాకాలంలో బట్టీ ఆయన రానే వచ్చాడు. నాలుగు చోట్ల పారతో తవ్వించాడు. గుప్పెడు మన్ను తడిపి ముద్ద చేయబోతే వేళ్ళ మధ్య పొడిపొడిగా రాలింది. అందులోంచి ఒక వానపాము జారిపడింది.

"ఏం కలిపావమ్మా ఇందులో? అంతా ఆకూ అలమే. దీంతో ఇటుక కోస్తే బట్టీలో పగిలిపోతుంది. ఇదంతా పక్కకి తోసి అడుగుది తవ్వుకోవడం నాకు గిట్టుబాటు కాదు. నాకీ మన్నొద్దు."

పిన్ని గట్టు మీద చతికిలబడింది. పక్కనే నిలబడ్డ బాబాయి వైపు ఓసారి చూసింది.

"అన్నయ్యా, ఆ మాట ఇంకొక్కసారి గట్టిగా చెప్పు. మా ఆయనకి సరిగ్గా వినపడినట్టు లేదు."