పేరు పలకని ఓటు

మా అమ్మ కాలంలో ఓటర్ల జాబితా రాసేవాళ్లు వస్తే ఆడవాళ్లు తమ పేరు చెప్పేవారు కాదు. ఫలానావాడి పెళ్లాం అని రాసుకోమనేవారు. అట్లాంటి ఓట్లు చెల్లవని కొట్టేశారు. నా కాలానికి జాబితాలో నా పేరు నిక్షేపంగా ఉంది, ఓటు మాత్రం మా ఆయనదే.

మొగుడి పేరు పలకకూడదని మా అత్త నేర్పింది. పోలింగ్ అధికారి భర్త పేరు అడిగితే మా ఆయనే మగవాళ్ల వరుసలోంచి అరిచి చెప్పేవాడు. నొక్కాల్సిన గుర్తు ఇంటి దగ్గరే చెప్పి నన్ను తీసుకొచ్చేవాడు. చదువు రానిదానికి ఏం తెలుస్తుందనేవాడు.

అరవై దాటాక పక్కింటి కోడలి దగ్గర అక్షరాలు నేర్చుకున్నాను. మొన్నటి ఎన్నికల్లో ఆయన అరిచేలోపే ఆయన పేరు కాగితం మీద రాసి అధికారికి చూపించాను. లోపలికి పోయి నాకు నచ్చిన గుర్తు నొక్కాను.

బయట, పోర్టు పనికి కూలీలను తీసుకుపోయే బస్సులు లేపిన దుమ్ములో మా ఆయన నిలబడి ఉన్నాడు.

“ఎవురికేసినావే?”

“మొగుడి పేరే పలకగూడదని మీ అమ్మ నేర్పింది గదయ్యా. ఇంక వేరే మొగోడి పేరు పలుకుతానా?”

చదువుకున్న మా ఆయనకు ఓటు రహస్యమని ఆ రోజే తెలిసింది.