అమ్మ ఫైలులో పదమూడు నెలల ఖాళీ

కోవిడ్ సద్దుమణిగిన మరుసటి ఏడాది జూన్‌లో నన్ను మెడికల్ రికార్డ్స్ అధికారిగా వేశారు. భిలాయిలో నెహ్రూ నగర్ వైపున్న ఒక ట్రస్టు ఆస్పత్రి అది. అప్పటికి అక్కడ ఇరవై ఆరేళ్లు పనిచేశాను, రిటైర్మెంటుకు ఇంకా రెండేళ్లుంది. డాక్టరు రాసినదాన్ని, ల్యాబు తేల్చినదాన్ని రోగి నంబరు కింద చేర్చి, అడిగినప్పుడు తీసివ్వడం మా విభాగం పని. ఫైలు దొరికినంతకాలం మేమున్నామని ఎవరికీ గుర్తుండదు. దొరకని రోజున మాత్రం అందరూ మమ్మల్నే తిడతారు.

ఆ పదవిలో నేను చేసిన మొదటి పని ఒక నిబంధన రాయడం. ఇంకొకరి కార్డు చూపించి మందులు పట్టుకుపోయేవాళ్లు ఎక్కువయ్యారు. అందుకని, ఏడాదిపాటు ఓపీలో విజిట్ నమోదు కాని ఫైలును 'ఇనాక్టివ్' చేయాలనీ, మళ్లీ తెరవాలంటే రోగి స్వయంగా వచ్చి వేలిముద్ర వేయాలనీ రాశాను. సూపరింటెండెంటు సంతకం చేశారు. నోటీసును హిందీలో పెద్ద అక్షరాలతో టైపు చేయించి, నా చేత్తోనే కౌంటరు పక్కన అంటించాను.

మా అమ్మ కార్డు కూడా ఆ ఆస్పత్రిలోదే. అప్పటికి ఆమెకు ఎనభై ఒకటి. శ్రీకాకుళం దగ్గర పల్లె నుంచి నాన్న వెంట వచ్చింది. నాన్న భిలాయి స్టీల్ ప్లాంటులో, రోలింగ్ మిల్లులో పనిచేసి, రిటైరయ్యాక పోయారు. అదే ఊళ్లో సుపేలా పేటలో మాది మొదటి అంతస్తు, ఇరవై రెండు మెట్లు. అమ్మకు బీపీ, షుగరు తప్ప వేరే జబ్బు లేదు. మూడు నెలలకోసారి చూపించి రక్తపరీక్ష చేయిస్తే సరిపోతుంది. దీన్ని మా భాషలో రొటీన్ అంటారు. ఆ రొటీన్ కోసం ఆమెను మెట్లు దింపడానికి అరగంట పట్టేది. తర్వాత ఆటో, ఓపీ చీటీకి లైను, పరగడుపున ఒకసారి రక్తం, తిన్న రెండు గంటలకు మరోసారి. కొత్త పదవిలో నాకు సెలవు దొరికేది కాదు.

మా ఆస్పత్రిలో దీనికి ఒక దారి ఉండేది. కారిడార్ సంతకం అనేవాళ్లం. స్టాఫులో ఎవరైనా ఇంట్లోవాళ్ల మందుల చీటీ పట్టుకుని భోజనం వేళ డాక్టరుకు ఎదురెళితే, ఆయన నిలబడే సంతకం పెట్టేవారు. మా పాత ఫిజీషియన్ నన్ను చూడగానే అమ్మ ఎలా ఉందని అడిగేవారు. బాగుందనేవాణ్ణి. పాత మందులే మళ్లీ రాసేవారు. అయితే ఇలా రాయించుకుంటే విజిట్ నమోదు కాదు, విజిట్ నమోదైతేనే కంప్యూటరు పరీక్ష గడువును గుర్తుచేస్తుంది. ఆ సంగతి ఆస్పత్రిలో అందరికన్నా బాగా తెలిసినవాణ్ణి నేను. అయినా పదమూడు నెలలు అలాగే నడిపాను.

మరుసటి ఏడాది జులైకల్లా ఆ డాక్టరు రిటైరయ్యారు. అమ్మకు పొద్దున్నే చేతులు వణికి, ఒళ్లంతా చెమట పట్టడం మొదలైంది. "తల గిర్రున తిరిగిపోతందిరా," అనేది. రెండు బిస్కెట్లు తింటే తగ్గేది. వయసని అనుకున్నాను. అలవాటు ప్రకారం చీటీ పట్టుకుని కొత్త డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. ఫైలు చూడకుండా రాయనన్నారామె. కంప్యూటరు తెరిచి చూస్తే అమ్మ పేరు పక్కన ఎర్రగా 'ఇనాక్టివ్' అని ఉంది.

మా విభాగం హెడ్ క్లర్కు సాహు మంచివాడు. పైగా అమ్మను ఎరుగును. "సర్‌జీ, పురానీ తారీఖ్ మే చార్ విజిట్ డాల్ దేతే హైఁ. మాతాజీకో క్యోఁ పరేశాన్ కర్‌నా?" అన్నాడు. పాత తేదీలతో నాలుగు విజిట్లు ఎక్కిస్తే ఫైలు తెరుచుకుంటుంది, అమ్మ మెట్లు దిగనక్కర్లేదు. సరేననబోయాను, దాచుకోవడమెందుకు. విజిట్ ఎక్కించాలంటే బీపీ, బరువు గడులు నింపాలి. బీపీ ఎంత వేయమంటారని సాహు అడిగాడు. నేను ఏ అంకె చెప్తే ఆ అంకెను నమ్మి డాక్టరమ్మ మందు రాస్తుంది. వద్దన్నాను.

మర్నాడు సెలవు పెట్టి అమ్మను తీసుకెళ్లాను. వేలి గీతలు అరిగిపోయి యంత్రం ఐదుసార్లు తిరస్కరించింది. "నానేటి దొంగతనం సేసినానేట్రా, ఇన్నిసార్లు ఏలు నొక్కిస్తన్నారు?" అంది లైనులో అందరికీ వినబడేలా. మినహాయింపు ఇవ్వాలంటే రికార్డ్స్ అధికారి సంతకం కావాలి. ఆ అధికారిని నేనే. కానీ సొంతవాళ్లకు నేను సంతకం పెట్టకూడదు, సూపరింటెండెంటే పెట్టాలి, ఆయన ఆ రోజు రాలేదు. ఆ షరతు రాసింది కూడా నేనే కనుక ఎవరినీ ఏమీ అనలేకపోయాను.

రెండో రోజు సంతకం దొరికింది. అయితే పొద్దున్నే అమ్మ టీ తాగేసింది, పరగడుపు పరీక్ష కుదరదన్నారు. తిరిగొచ్చి మెట్లెక్కుతూ ఆమె మీద అరిచాను. ఎన్నిసార్లు చెప్పాలన్నాను. ఆమె సగంలో మెట్టు మీద కూర్చుండిపోయింది. "రేపు నాను దిగలేన్రా. నన్నొగ్గెయ్," అంది. ఆ రోజు అరిచినందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

మూడో రోజు ఎలాగో దింపి తీసుకెళితే రక్తం తీశారు. మూత్రపిండాలు నెమ్మదించాయని తేలింది. షుగరు బిళ్ల ఒంట్లోంచి పోక నిలిచిపోయి, షుగరును మరీ కిందికి దించేస్తోందట. వణుకు అందుకేనన్నారు డాక్టరమ్మ. ఆరు నెలల కిందట ఈ పరీక్ష చేసి ఉంటే అప్పుడే మందు మార్చేవాళ్లమని, ఇన్నాళ్లూ ఎవరు చూస్తున్నారని అడిగారు. నేనే చూస్తున్నానని చెప్పాను.

బిళ్ల మార్చాక వణుకు తగ్గింది. మూత్రపిండాలకు పోయిన బలం మాత్రం తిరిగి రాలేదు. రిటైరయ్యేలోపు నిబంధనను రెండు చోట్ల మార్చాను. డెబ్బై ఐదు దాటినవాళ్లకు వేలిముద్ర బదులు ఫోటో చాలు. విజిట్ నంబరు లేని చీటీకి, అది స్టాఫుదైనా సరే, ఫార్మసీ మందులివ్వదు. రెండోదానికి నాతో మాట్లాడడం మానేసినవాళ్లున్నారు.

హోదా వల్ల దొరికే దారి లైనును తప్పిస్తుంది, పరీక్షనూ దానితోపాటే తప్పిస్తుంది. నేను నేర్చుకున్నది ఇంతే. అమ్మ ఫైలులో ఆ పదమూడు నెలలు ఖాళీగానే ఉన్నాయి. తర్వాత చూసే డాక్టరుకు, ఆ కాలమంతా ఆమెను ఎవరూ చూడలేదని తెలియాలి.