దింపుడు కల్లం దగ్గర కౌబాయ్ పాట

ముత్తయ్యకు కోపం ముక్కు మీదే ఉంటుందని కామాటిపురా గల్లీలో చిన్నపిల్లల్ని అడిగినా చెబుతారు. పగలు గోడలకు రంగులు వేస్తాడు. గణపతి రోజుల్లోనూ పెళ్లిళ్లలోనూ బాంజో పార్టీలో బాంజో వాయిస్తాడు. మెడకు తగిలించుకుని, ఒక చేత్తో మీటలు నొక్కుతూ ఇంకో చేత్తో తీగలు మీటే ఆ పెట్టె లేనిదే ముంబైలో ఊరేగింపు కదలని రోజులుండేవి. ఇప్పుడు డీజే వచ్చి పడింది. డీజే పేరెత్తితే ఆయన నోటినుంచి వచ్చే మాటలు ఇక్కడ రాయడానికి వీల్లేదు. రాయాలని నాకూ ఉంది, అది వేరే సంగతి.

ఇంత కోపిష్టితో వేగింది ఒక్క బక్కయ్యే. వరస గదుల ఆ పాత మేడలో, అదే చాల్‌లో, పక్క గది, అదే పార్టీలో ఢోల్. పాలమూరు నుంచి రాళ్లు మోయడానికి వచ్చిన ఇద్దరు మనుషుల మనవలు వీళ్లు. ఒకడు అరిస్తే ఇంకొకడు బీడీ ముట్టించుకుని వినేవాడు.

ఒక కౌబాయ్ సినిమాను ఫోన్‌లో వెతికి పట్టింది బక్కయ్యే. గుర్రాలు దూకుతాయని, తుపాకులు పేలుతాయని ఆశగా పెట్టుకు కూర్చున్నాడు. చూస్తే బొమ్మలో రంగే లేదు. ఫోన్ చెడిపోయిందనుకుని గ్రాంట్ రోడ్‌లోని రిపేరు దుకాణానికి లగెత్తాడు. దుకాణంవాడు ఇంకో సినిమా పెట్టి చూపించాడు, రంగులు భేషుగ్గా ఉన్నాయి.

"ఫోన్ మంచిగనే ఉందంట. పిక్చరే గట్లుందిరా," అని వచ్చి చెప్పాడు.

"రంగులేసి రంగులేసి నా కండ్లు పోతున్నయి. పెట్టు, చూద్దాం," అన్నాడు ముత్తయ్య.

అందులో జరిగేది చాలా తక్కువ. ఒక ముసలివాడు చచ్చిపోయిన తమ్ముణ్ణి గుర్రం మీద వేసుకుని, సొంత నేలలో పాతిపెట్టడానికి బీడు భూముల మీదుగా నడిచిపోతుంటాడు. తుపాకీ పేలేది ఒకేసారి, అదీ ఎవరికీ తగలదు. ఎవడూ పెద్దగా మాట్లాడడు. వెనకాల ఒక్కటే గిటారు. అదైనా పాటలా సాగుతుందా అంటే సాగదు. ఒక్కసారి ఝుమ్మని మోగి ఊరుకుంటుంది. ఫోన్ ఆగిపోయిందేమోనని మనం చూసుకునేంతసేపు ఊరుకుంటుంది. ఆ తర్వాత మళ్లీ ఒక మోత.

బక్కయ్య భార్య సాయమ్మకు అది చూస్తే ఒళ్లు మండేది. "దీపం వెట్టే యాళ్లకు ఇంట్ల పీనుగు సినిమా ఏందయ్యా! బంద్ చెయ్యుండ్రి!"

ముత్తయ్యకూ మొదట మండింది. ఆయన పెరిగిన బాంజో పార్టీలో చట్టం ఒక్కటే, మోతలో సందు ఉండకూడదు. బాంజో ఆగితే ఢోల్ అందుకోవాలి, ఢోల్ తడబడితే తాషా డప్పు అందుకోవాలి. ఎవరూ అందుకోలేదంటే ఆడేవాళ్ల కాళ్లు ఆగుతాయి, పార్టీ పరువు గంగలో కలుస్తుంది.

"వీనికి వాయించుడే రాదురా. మధ్యమధ్యల ఇడిసిపెడుతుండు," అని తిట్టాడు.

సినిమా అయిపోయాక బక్కయ్య బీడీ ముట్టించుకున్నాడు. తర్వాత అన్నాడు. "రాక కాదురా. ఇది దింపుడు కల్లం. తమ్ముణ్ణి పిలుస్తుండు. పిలిచి, పలుకుతడేమోనని ఇంటుండు. వాయించుకుంటనే పోతే ఎట్ల ఇనవడ్తది?"

దింపుడు కల్లం ఆశ అని మనం మాటవరసకు అనేస్తుంటాం. పాడెను దారి మధ్యలో దించి, చచ్చినవాడి చెవిలో మూడుసార్లు పేరు పెట్టి పిలుస్తారు. ప్రాణం ఏ మూలనో ఉండి పలుకుతుందేమోనని ఆశ. పిలిచేవాళ్లను అందరం చూశాం గానీ, పిలిచాక చెవి పెట్టి విన్నవాణ్ణి ఎవరు చూశారు?

ముత్తయ్య సినిమాను మళ్లీ మొదటినుంచి పెట్టించాడు. ఈసారి ఆ సందుల్లో గాలి వినబడింది. గుర్రం డెక్కలు, ముసలివాడి దగ్గు వినబడ్డాయి. గిటారు మోగినప్పటికంటే ఆగినప్పుడే గుండె పట్టేసింది. తీగ ముట్టకుండా కూడా వాయించవచ్చని, ఇన్నేళ్లు బాంజో మోసిన తనకు ఒక్కడూ చెప్పలేదని దానికీ కోపం వచ్చింది. తర్వాత నెలంతా ఆ మోతను బాంజో మీదికి తెచ్చుకునే పనిలోనే ఉన్నాడు. చేతులు ఆగేవి కావు. ఆగమంటే ఆగే చేతులా అవి!

"నా దింపుడు కల్లం కాడ ఇదే కొట్టురా," అన్నాడొకరోజు బక్కయ్య.

"ముందు నువ్వు సావు, తర్వాత చూద్దాం," అని కసిరాడు ముత్తయ్య.

బక్కయ్య ఆ మాట విన్నంత పనీ చేశాడు. వానలు మొదలైన వారంలో, చాయ్ తాగి గోడకు ఆనుకున్నవాడు ఆనుకున్నట్టే పోయాడు.

ముత్తయ్యకు ఏడుపు రాలేదు. చెప్పాపెట్టకుండా పోవడమేమిటని పట్టలేనంత కోపం వచ్చింది. పాడె వెదురు వంకరగా ఉందని ఒకణ్ణి, పూలు వాడిపోయాయని ఇంకొకణ్ణి తిట్టాడు. చివరికి సాయమ్మే దగ్గరికొచ్చింది.

"అన్నా, ఆ పీనుగు సినిమా పాట కొట్టు. ఆయనకు అదంటే పానం."

బక్కయ్య కొడుకు స్వప్నిల్ తండ్రిని ఘనంగా సాగనంపాలని పార్టీ మొత్తాన్నీ పిలిచాడు. ఇప్పుడు పార్టీని నడిపేది హితేష్, మీసాలు సరిగా రానివాడు. సంగతి విని వాడు తల గోక్కున్నాడు.

"కాకా, గట్ల ఆగి ఆగి కొడ్తే జనం నవ్వుతరు. నువ్వు ఆగినకాడ మేం నింపుతం గదా, టెన్షన్ నక్కో, రంది వడకు."

"నింపితే ఢోల్ చింపుత," అన్నాడు ముత్తయ్య.

శవాల బండి ఫాక్‌లాండ్ రోడ్ మలుపులో ఆగి ఉంది. గల్లీలోంచి అక్కడిదాకా భుజాల మీద మోసుకెళ్లి, బండికి కొంచెం ఇవతల పాడె దించారు. వెనక టాక్సీలు హారన్లు కొడుతున్నాయి. స్వప్నిల్ తండ్రి చెవి దగ్గరికి వంగాడు. ముత్తయ్య తీగ మీద ఒక్క దెబ్బ వేసి చెయ్యి ఎత్తేశాడు.

సందు వచ్చింది. వచ్చిన మరుక్షణమే హితేష్ ఢోల్ అందుకున్నాడు, వాడి వెనక తాషాలన్నీ లేచాయి. వాళ్లలో చెడుబుద్ధి ఏమీ లేదు. పెద్దాయన చెయ్యి ఆగింది, పరువు కాపాడాలి, అంతే. స్వప్నిల్ పెదవులు "నాయినా" అన్నాయి గానీ, ఆ మాట అన్నవాడికే వినబడలేదు.

ముత్తయ్య వెళ్లి హితేష్ చేతిలోని పుల్ల లాక్కుని రోడ్డు అవతలికి విసిరేశాడు.

"ఆపుండ్రిరా! వాడు పలికితే ఎట్ల ఇనవడ్తది మీకు? ఆ పీపీమని హారన్ కొట్టేటోనికి చెప్పుండ్రి, ఇక్కడ మనిషిని పిలుస్తున్నమని!"

ఆ అరుపుకు తాషాలే కాదు, టాక్సీలు కూడా చప్పబడ్డాయి. స్వప్నిల్ మెల్లగా, "కాకా... నాయిన పలుకడు గదా," అన్నాడు.

"పలుకడని నీకెవడు చెప్పిండు? పిలువు!"

బాంజో మోగి ఆగింది. "నాయినా." ఎక్కడో ఇనుప తలుపు కిర్రుమంది, వాన చినుకులు పాడె మీది గుడ్డ మీద పడ్డాయి. మళ్లీ మోగి ఆగింది. "నాయినా." మూడోసారి పిలిచేటప్పుడు కొడుకు గొంతు పగిలింది. గల్లీకి గల్లీ అంతా చెవి పెట్టి విన్నది.

స్వప్నిల్ లేచాడు. పాడె ఎత్తడానికి నలుగురూ వంగారు. ముత్తయ్య అడ్డంగా చెయ్యి చాపాడు. మూడుసార్లకు మించి పిలిచే ఆచారం ఎక్కడా లేదని ఆయనకు తెలుసు. ఆ గొంతులో ఇప్పుడు కోపం జాడ కూడా లేదు.

"ఇంకొక్కపారి పిలువు కొడుకా."