స్కానర్‌లో పిలిచిన గొంతు

మేముండేది బర్మాలోని యాంగాన్ నగరంలో, తామ్వే అనే పేటలో. ఓ వానాకాలం మధ్యాహ్నం, చుట్టుపక్కల వైర్‌లెస్ మాటలు వినే మావారి స్కానర్‌కు పట్టిన బూజు తుడిచి, పనిచేస్తోందో లేదోనని ఆన్ చేశాను. గరగరల మధ్య తెలుగులో ఓ ఆడగొంతు వినిపించింది.

"ఎవులైనా ఉన్నారేటి?"

గదిలోనే ఉన్న మా అత్తయ్య ముఖం పాలిపోయింది. "కింది వాటా అప్పలమ్మ గొంతు నాగుందే," అంది.

ఇద్దరం కిందికి పరుగెత్తాం. ఇంట్లో ఒంటరిగా ఉన్న ఆ ముసలామె స్పృహ లేకుండా నేలమీద పడి ఉంది. పక్కనే, పసిపాప ఏడుపును వైర్‌లెస్‌లో పక్క గదికి వినిపించే మనవరాలి బేబీ మానిటర్ వెలుగుతోంది. దానిలోంచే ఆమె గొంతు మా స్కానర్‌కు చేరిందనుకుని, ఆమెను ఆసుపత్రికి తీసుకెళ్లాం.

కోలుకున్నాక ఈ సంగతి చెబితే, అప్పలమ్మ నా వంక వింతగా చూసింది. "నానెవుల్నీ పిలవనేదమ్మా. పడ్డాక నోరే పెగల్లేదు," అంది.

ఆమె బతికిందన్న సంతోషం ఉన్నా, స్కానర్ ఆన్ చేసే ప్రతిసారీ, ఎవరిదో తెలియని ఆ గొంతు మళ్లీ పిలుస్తుందేమోనని చెవులు రిక్కిస్తాను.