సముద్రం వైపు తలుపు

నా చిన్నప్పుడు బందరులో మా వీధి మొత్తానికీ ఒకటే కారు ఉండేది. నల్లటి అంబాసిడర్, ఎదురింటి తాతయ్యది. ఆయన మాకు చుట్టమేమీ కాదు, వీధిలో పిల్లలందరికీ తాతయ్యే. మంగినపూడి సముద్రస్నానాలకైనా, గుడివాడ పెళ్లికైనా, పురిటి నొప్పులొస్తే ఆసుపత్రికైనా ఆ టాక్సీయే. నన్ను కూడా పుట్టిన కొత్తలో ఆసుపత్రి నుంచి ఆ కారులోనే ఇంటికి తెచ్చారట. అందుకని దాని మీద నాకు ఎంతో కొంత హక్కు ఉందనుకునేదాన్ని.

ఆదివారం పొద్దున్నే కారు కడగడం నా పని. ఎవరూ అప్పగించలేదు, నేనే తీసుకున్నాను. తాతయ్య బకెట్‌తో నీళ్లు తెచ్చిపెడితే, నేను పాత పంచె గుడ్డ ముంచి బానెట్ దగ్గర మొదలుపెట్టి చుట్టూ తిరిగి వచ్చేదాన్ని. అయ్యాక నన్ను వెనక సీట్లో కూర్చోబెట్టి కోనేరు సెంటర్ దాకా తిప్పి తెచ్చేవారు. ఎక్కింది పెద్ద ఆఫీసరైనా నేనైనా ఆయన చెప్పే మాట ఒకటే, తలుపు నెమ్మదిగా వెయ్యమని. మా వీధి పిల్లలు ఆయన గొంతు అనుకరిస్తూ ఒకరినొకరు అదే మాటతో ఏడిపించుకునేవాళ్లు.

తర్వాత తాతయ్య కళ్లు మసకబారాయి. ఆపరేషనుతో బాగయ్యే రకం కాదని డాక్టరు చెప్పేశారట. చూపు పూర్తిగా పోయాక కారును అవనిగడ్డ వాళ్లెవరికో ఇచ్చేశారు. కారు నిలబడే చోట నూనె మరక మాత్రం మిగిలింది. ఆ రోజు నుంచి తాతయ్య అరుగు మీదికి రావడం మానేశారు. ఆదివారం పొద్దున లేచి బకెట్ ఏదని అడుగుతున్నారనీ, అడిగాక గుర్తొచ్చి గోడవైపు తిరిగి పడుకుంటున్నారనీ, అన్నం కూడా సయించడం లేదనీ వాళ్లింటి మామ్మగారు మా అమ్మతో చెప్పి కళ్లొత్తుకునేది. ఇలాగైతే మనిషి ఎన్నాళ్లో ఉండడని మా అమ్మ నెమ్మదిగా అనడం నేను విన్నాను. నాకు భయం వేసింది.

ఆ మాట మా చిన్నమావయ్య కూడా విన్నాడు. అమ్మకు తమ్ముడు, గుడివాడలో గుమాస్తా. శనివారం సాయంత్రం రైల్లో మా ఇంటికి వచ్చి ఆదివారమంతా నమూనా కార్లు చేసుకుంటూ కూర్చునేవాడు. బొమ్మలంటే ఒప్పుకునేవాడు కాదు. బొమ్మ ఎలా ఉన్నా బొమ్మే, నమూనా అంటే లెక్క ఉండాలి, అసలు కారులో అడుగు నా కారులో అర అంగుళం అనేవాడు. పెడనలో కలంకారీ అచ్చులు చెక్కేవాళ్ల దగ్గర మిగిలిన టేకు ముక్కలు అడిగి తెచ్చుకునేవాడు. ఇంజక్షన్ సీసాల రబ్బరు మూతలు టైర్లయ్యేవి. పాత ఎక్స్‌రే ఫిల్మును వేడినీళ్లలో నానబెట్టి రుద్దితే అద్దాలు. పెళ్లి చేసుకోరా అంటే కార్లు చేసుకుంటున్నాడని మా అమ్మమ్మ విసుక్కునేది. అయినా ఆవిడ పేస్టు ట్యూబు అయిపోగానే కోసి, కడిగి, ఆరబెట్టి వాడికోసం దాచేది. బంపర్లకు ఆ రేకు బాగా వంగుతుందని ఆవిడకూ తెలుసు.

తాతయ్య కారు చేసి ఆయన చేతిలో పెడతానన్నాడు మావయ్య. కారు వెళ్లిపోయింది కదా, కొలతలెలా అని నేను అడిగితే, గుడివాడ టాక్సీ స్టాండులో అలాంటిదే ఉందన్నాడు. దాన్ని దారంతో అంగుళం అంగుళం కొలుచుకొచ్చాడు. వారం వారం చెక్క కారవుతుంటే నేను బల్ల పక్కనే గొంతుక్కూర్చుని చూసేదాన్ని. నల్ల ఎనామిల్ రంగు పూతమీద పూత వేసి, గరుకు కాగితంతో రుద్ది, మళ్లీ పూశాడు. పూర్తయ్యేసరికి జానెడు కూడా లేని ఆ కారులో నా ముఖం కనబడింది. అంత అందమైన వస్తువు నేను అప్పటిదాకా చూడలేదు.

ఇద్దరం తీసుకెళ్లి తాతయ్య చేతుల్లో పెట్టాం. ఆయన అరచేతుల్లో పట్టుకుని పైకప్పు నిమిరారు, చక్రాలు తిప్పి చూశారు. వేళ్లు ఒక చివర నుంచి ఇంకో చివరకు జారిపోయాయి.

"చాలా బాగా చేశావు బాబూ," అన్నారు. "ఎవరి కారిది?"

మామ్మగారు కంగారుగా, "మీదేనండీ, మన కారే," అంది. ఆయన మర్యాదగా తలాడించి కారును తిరిగి నా చేతికిచ్చి గోడవైపు తిరిగి పడుకున్నారు. ఇంటికి వస్తుంటే నాకు ఏడుపు ఆగలేదు. మావయ్య మాత్రం ఏదో లెక్క తప్పినవాడిలా నుదురు రుద్దుకుంటూ నడిచాడు. రంగు ఆయనకేం కనపడుతుందే, వారాల తరబడి నేను నా కళ్లకోసం చేశాను అని గొణుక్కున్నాడు.

మరుసటి ఆదివారం పొద్దున మావయ్య నన్ను పెరట్లోకి పిలిచి కళ్లకు తువ్వాలు కట్టాడు. చేతిలో తడిగుడ్డ పెట్టాడు.

"కారు కడుగు," అన్నాడు.

"కారేది మావయ్యా?"

"నీ ముందే ఉంది. ఆదివారాలు ఎట్టా కడిగేదానివో అట్టా కడుగు."

నాకు నవ్వొచ్చింది. పెరటి గుమ్మంలోంచి అమ్మమ్మ, ఉన్న ఒక్క మేనకోడల్నీ పిచ్చిదాన్ని చేస్తున్నాడు చూడమని అమ్మను కేకేయడం వినిపించింది. సిగ్గుపడుతూనే గాల్లో గుడ్డ ఆడించాను. మొదట చెయ్యి ఊరికే ఊగింది. బానెట్ ఇక్కడ ఉంటుందనుకుని వంగి రుద్దడం మొదలుపెట్టాక ఏమైందో నాకిప్పటికీ ఆశ్చర్యమే. చెయ్యి ఒకచోట దానంతటదే లోపలికి దిగింది. అక్కడ సొట్ట. మంగినపూడిలో తాటిచెట్టు కింద ఆపినప్పుడు కాయ పడిన సొట్ట. దాన్లో నీళ్లు నిలిచేవి, వేలితో ఊడ్చేదాన్ని. ఇన్నాళ్లూ నాకు గుర్తే లేదు, నా చేతికి గుర్తుంది.

అలా తిరుగుతూ వెళ్లాను. ముందు బంపరు దగ్గర గుడ్డ లాగి విడిపించుకున్నాను, అక్కడ తీగ చుట్టి కట్టి ఉండేది, ఎప్పుడూ దారప్పోగులు పట్టుకునేది. డ్రైవరు కిటికీ అంచు మీద గుడ్డ జర్రున జారింది, తాతయ్య మోచెయ్యి ఆనించి ఆనించి రంగుపోయి నున్నగా అయిన చోటు. వెనక నుంచి చుట్టూ తిరిగి ఎడమవైపు వెనక తలుపు దగ్గరికి రాగానే రుద్దడం మానేసి మెల్లగా అద్దాను. దాని అడుగంతా తుప్పు తిని చిల్లులు పడి ఉండేది. గట్టిగా రుద్దితే పెచ్చులు రాలేవి. చేతికి తగిలిందల్లా నేను పైకి చెబుతుంటే, పక్కన మావయ్య పెన్సిలుతో రాసుకుంటున్న చప్పుడు వినబడింది.

తువ్వాలు విప్పాక నాకు ఒకటే ప్రశ్న. కారుకు తలుపులు నాలుగు, ఆ ఒక్కటే ఎందుకంత తుప్పు పట్టింది? అన్నం తిన్నాక చూపిస్తానన్నాడు మావయ్య. వీధిలోకి తీసుకెళ్లి నూనె మరక మీద, కారు ఎటు చూస్తూ నిలబడేదో అటే చూస్తూ నన్ను నిలబెట్టాడు. దక్షిణం వైపు. కాసేపు ఊరికే ఉండమన్నాడు. మధ్యాహ్నం దాటాక గాలి మొదలైంది, తిన్నగా నా ఎడమ చెంపకు తగిలింది. పెదవి నాకి చూడమన్నాడు. ఉప్పగా ఉంది. తూర్పున సముద్రం ఉందని బడిలో పలక మీద రాసినదాన్నే, అది మా వీధికి వచ్చి ఒక తలుపును కొంచెం కొంచెంగా తింటోందని అప్పుడు తెలిసింది. తాతయ్య మాట ఎందుకో కూడా అప్పుడే తెలిసింది. అందరూ ఎక్కేది ఆ తలుపులోంచే.

ఆ సాయంత్రం మావయ్య అద్దంలా మెరిసే తన కారు మీద ఉలి పెట్టాడు. నేను వద్దని చెయ్యి పట్టుకున్నాను. నీ చేతులే చెప్పాయి కదే అని నవ్వి, బానెట్ మీద సొట్ట చెక్కాడు. బంపరుకు సన్న రాగితీగ చుట్టాడు. కిటికీ అంచు రంగు గోకి నున్నగా రుద్దాడు. ఎడమవైపు వెనక తలుపు అడుగు మాత్రం నా చేత చేయించాడు. దబ్బనంతో గుచ్చుతూ, వేలితో తడిమి చూసుకుంటూ, ఇంకా గరుకు ఇంకా గరుకు అని నేనే పోరాను.

ఈసారి తాతయ్య వేళ్లు బానెట్ మీద జారి సొట్టలో ఆగాయి. మళ్లీ వెనక్కి వచ్చి మళ్లీ అందులో దిగాయి. ఆయన లేచి సరిగ్గా కూర్చున్నారు. బంపరు తీగ తడిమారు. బొటనవేలు కిటికీ అంచు మీద చాలాసేపు అటూ ఇటూ తిరిగింది. చివరికి చెయ్యి ఎడమ తలుపు కిందికి వచ్చి అక్కడే ఉండిపోయింది. ఆ తలుపు తెరుచుకునేది కాదు, చెక్కలో గీసిన గీత అంతే. ఆయన ముఖం నా వైపు తిప్పారు.

"నెమ్మదిగా వెయ్యమ్మా," అన్నారు. "ఊడొస్తది."

మామ్మగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మావయ్య వీధి వైపు చూస్తూ నిలబడ్డాడు. నేను మాత్రం ఎప్పటిలాగే, అలాగే తాతయ్యా అన్నాను. మరుసటి ఆదివారం ఆయన కారు ఒళ్లో పెట్టుకుని అరుగు మీదికి వచ్చి కూర్చున్నారు. నన్ను పిలిచి తడిగుడ్డ తెమ్మన్నారు.

ఇప్పుడు నాకు మనవరాలు ఉంది. ఇద్దరం కలిసి నమూనా కార్లు చేస్తాం. డబ్బాలో ప్లాస్టిక్ ముక్కలు వస్తాయి, రంగులు వస్తాయి, తుప్పు వేసుకోవడానికి కూడా వేరే సీసా వస్తుంది. తుప్పు ఎక్కడ వెయ్యాలో ఆ సీసా మీద రాసి ఉండదు. ఎవరైనా తమ పాత కారో జీపో చేసిపెట్టమంటే నేను ఫోటో తర్వాత అడుగుతాను. అది ఎటు తిరిగి నిలబడేది, దాన్ని ఎవరు కడిగేవారు, ఎక్కడ మీ చెయ్యి ఆగేది అని ముందు అడుగుతాను. చాలామంది తెలియదంటారు, కాసేపు కళ్లు మూసుకోమంటే చెబుతారు. పని అయిపోయిందనుకున్నాక నేనూ కళ్లు మూసుకుని కారును ఈ చివర నుంచి ఆ చివరకు నిమురుతాను. వేలు ఎక్కడా ఆగకుండా జారిపోతే, అది ఇంకా ఎవరి కారూ కాలేదని మళ్లీ బల్ల మీద పెడతాను.